ఆరని పూత

రాజారత్నం వల పైకెత్తి చూశాడు. ఇవాళ కూడా నీలం పెచ్చులే. అప్పడమంతవి కొన్ని, గోటంతవి కొన్ని, మధ్యలో దారితప్పి వచ్చిన మామిడాకు ఒకటి. వాటిని గట్టుమీద బోర్లించి, వల దులిపి, పొడుగాటి గెడను మళ్ళీ నీళ్ళలోకి దించాడు. మామూలు రోజుల్లో ఆ వలకు పడే సరుకు వేరు. తలపిన్నులు, పిల్లల చెడ్డీ నాడాలు, ఒకసారి ఎవరిదో పై పలువరస. దాని సొంతదారు నోరు మూసుకునే వచ్చి, చెయ్యి చాచి తీసుకుని, పెట్టుకుని, అప్పుడు నోరారా మెచ్చుకుని వెళ్ళాడు.

తిరుపతి నుంచి ఏర్పేడు పోయే దారిలో, మామిడితోట నడుమ ఉన్న ఆ లాడ్జీ పేరు చంద్రకాంత గార్డెన్స్. పేరులో గార్డెన్స్ అని ఉన్నా, ఉన్న గార్డు మాత్రం ఒక్కడే. వెనకవైపు ఈతకొలనుకు కాపలా రాజారత్నమే, పాచి కడిగేదీ రాజారత్నమే. చొక్కా వీపుమీద 'లైఫ్ గార్డ్' అని అచ్చు. ఉతికి ఉతికి అక్షరాలు సగం రాలినా అర్థం రాలలేదు. లైఫంతా గార్డుగానే గడిచిపోయింది. ఈ సాయంత్రంతో అదీ ఆఖరు.

మనిషి పొడుగు, సన్నం. గట్టున నిలబడితే రెండో గెడ అనుకోవాలి. ఎండకు కనుబొమలు రాగిరంగు తిరిగాయి. మోకాళ్ళ దగ్గర ఎవరో సుద్దముక్కతో గీసినట్టు ఒక గీత. గీతకు కింద, నీళ్ళలో వేసే మందుకు చర్మం పాలిపోయింది. పైనంతా కాలిన పెనం. మోకాలి కింద నీళ్ళ మనిషి, మోకాలి పైన ఎండ మనిషి. మొదటి మెట్టుమీద నిలబడి కడుగుతుంటే అంతవరకే తడి. ఆ పైన తడవకుండా కాపాడేది గోడకున్న బోర్డు: 'సిబ్బంది నీళ్ళలో దిగరాదు'. ఎవరైనా మునిగితే ట్యూబు విసరాలి, ఈల వేయాలి. అంతకుమించి చేస్తే అతిచొరవ. ఇన్నేళ్ళలో ఎవరూ మునగలేదు గనక బోర్డు పరువూ మునగలేదు.

గట్టున మామిడిచెట్టు కింద అతనిదొక ప్లాస్టిక్ కుర్చీ. ఒకప్పుడు నున్నగా మెరిసిన తెలుపు, ఇప్పుడు ఎండకు గరుకెక్కి సున్నపు గోడలా తయారైంది. విరిగిన చేతిని ఇనపతీగతో తనే కుట్టుకున్నాడు. అందులో కూర్చుని ఎందరి ఈతలో చూశాడు. కుక్క ఈత, కప్ప ఈత, భార్య చూస్తుందని కొట్టే ఈత, భార్య చూడటంలేదని మానేసే ఈత.

రాజారత్నానికి ఈత రాక కాదు. కార్వేటినగరం పక్క పల్లెలో వాళ్ళ నాయన పాల్ బావులు తవ్వే మనిషి. ఆ చుట్టుపక్కల ఒక ఏర్పాటు ఉండేది. కొత్త బావిలో నీళ్ళు పడిన రోజున మొదటి మునక తవ్వినవాడిది. బావి సొంతదారు టెంకాయ కొట్టకముందే పాల్ కొడుకును వీపున కట్టుకుని దూకేవాడు. ఆ ఒక్క రోజే. మరుసటి రోజునుంచి ఆ బావి చేదమీద వాళ్ళ చెయ్యి పడటానికి లేదు. "నీళ్ళకు పాటుపడినోనికి ఒక్క మునక ఉండాది రా రత్నం. రెండోది అడగబాక, మొదటిది ఇడవబాక" అనేవాడు పాల్, తల తుడుచుకుంటూ. తరవాత బోర్లు వచ్చాయి. బావులంటే ఊరికి బోరు కొట్టింది. దూకడానికి మిగిలింది చుట్టూ గట్లు, కింద కంప.

ఈ కొలను తవ్వకంలో రాజారత్నం చెయ్యీ ఉంది. మొదటిసారి నీళ్ళు నింపిన రోజున తన మునక సంగతి అప్పటి యజమాని వెంకటరమణను అడిగాడు. "మీరు దిగితే గెస్టులు దిగరప్పా" అన్నాడాయన నవ్వుతూ. కసిరితే ఎదురుచెప్పవచ్చు, నవ్వితే ఏం చెప్పాలి? నవ్వినాయన పోయాడు, లాడ్జీ భార్య చంద్రకాంతమ్మ చేతికి వచ్చింది. మునక మాత్రం అట్లాగే ఉండిపోయింది. ఇవాళ ఎట్లాగైనా అమ్మను అడిగి, బస్సెక్కేలోపల ఒక్కసారి మునగాలని పొద్దున పళ్ళు తోముకుంటూనే నిశ్చయించుకున్నాడు.

జేబులో ఫోను మోగింది. చిత్తూరు నుంచి కూతురు కోమలి.

"నాయనా, సాయంత్రం బస్సు ఎక్కతావు గదా? మల్లా ఆ నీళ్ళను సూస్తా కూసోబాక."

"ఎక్కతా లేమ్మా."

"టిఫిన్ సెంటర్‌కు బోర్డు రాపించినాం. చట్నీకి నువ్వే ఇంచార్జి. అల్లం చట్నీ, పల్లీ చట్నీ, రెండూ నీయే."

"ఆడ నీళ్ళుండాయా?"

"ఉండాయి. డ్రమ్ములో. దాంట్లో దిగుతానంటే ఊరుకోను."

రాజారత్నం నవ్వి ఫోను జేబులో వేసుకున్నాడు. అమ్మ వచ్చే వేళయింది.

కొలనుకు ఈ పెచ్చుల రోగం పట్టి వారమైంది. పాత పూత మాసిపోయిందని చంద్రకాంతమ్మ కొత్త పూత వేయించింది. పని ఎల్లప్పకు ఇచ్చింది. ఎల్లప్ప నీళ్ళట్యాంకులకూ ప్రహరీగోడలకూ రంగు కొట్టే మనిషి. అతను కొట్టిన గోడ పక్కగా నడిస్తే గోడకన్నా మన భుజానికే రంగు బాగా పట్టేది. పూత ముగిసేసరికి గురువారం. చంద్రకాంతమ్మ తుమ్ము వచ్చినా వర్జ్యం చూసి తుమ్మే మనిషి. పంచాంగం తిప్పితే శుక్రవారంతో మంచిరోజులు సరి, ఆ పైన మూఢం, నెలల తరబడి ఏ శుభకార్యమూ లేదు. పూత వారమంతా ఎండకు ఆరాలని ఎల్లప్ప గొణిగాడు. గొణుగుడు ముహూర్తం ముందు నిలుస్తుందా? తడి పూతమీదే పసుపూ కుంకుమా చల్లి, గుమ్మడికాయ కొట్టి, శుక్రవారం పొద్దున నీళ్ళు వదిలారు. అయ్యవారికి తాంబూలం అందింది. పూతకు మాత్రం ఎండ అందలేదు.

శనివారం నెల్లూరు నుంచి ఒక కుటుంబం దిగింది. కొండమీద తలనీలాలిచ్చి, గుండ్లకు నిండుగా గంధం పూసుకుని, నేరుగా కొలనులోకి. తాత, తండ్రి, పిల్లలు. గంధం పసుపు, పూత నీలం. మునిగి లేచేసరికి తలలన్నీ పచ్చి మామిడికాయలు! గట్టున వరసగా నిలబడితే వంటింటి పంకజాక్షి దూరంనుంచి చూసి, "అన్నా, ఊరగాయకేనా?" అని బుట్ట పట్టుకునే వచ్చింది. "కొండమీద జుట్టు ఇచ్చి వస్తే కొండకింద రంగు ఇస్తారా?" అని తండ్రి కేకలు. తాత మాత్రం అద్దంలో చూసుకుని, ఎన్నాళ్ళకు తలమీద పచ్చదనం అని మురిసిపోయాడు. పైన స్వామి వెలిశాడు, కింద రంగు వెలిసింది. ఆ పూటతో కొలను మూతపడింది.

గొడుగు ముందు, గొంతు దానికన్నా ముందు, చంద్రకాంతమ్మ వచ్చింది. భారీ మనిషి, జరీ అంచు చీర, చేతిలో తాళాలగుత్తి. వెనకే పంకజాక్షి.

"రాజారత్నం, ఇంగా రాలతానే ఉండాదా?"

"ఉండాదమ్మా. అమ్మా, ఒక మాట..."

"ఉండప్పా, ముందు ఆ మహానుభావుని మాట ఇందాం."

గేటు దగ్గర ఎల్లప్ప స్కూటరు ఆపి, తలమీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, పెళ్ళిచూపులకు వచ్చిన వాడిలా నేల చూస్తూ వస్తున్నాడు. చొక్కామీద ఊళ్ళోని గోడలన్నిటి రంగులూ ఉన్నాయి. వాటిలో ఏదీ ఊడలేదు.

"ఏమప్పా ఎల్లప్పా," అంది చంద్రకాంతమ్మ, "గాలికి రాలే పూత సూసినా, మంచుకు రాలే పూత సూసినా. మా తోటలో మామిడి పూత గూడా ఇంత బిరీన రాల్లేదే!"

"తప్పు నాదే అంటారు, సరేమ్మా. వారం ఆరబెట్టల్ల అని నేను మొత్తుకోలేదా? మూఢం వస్తాదని మీరే..."

"మూఢం మాట ఎత్తబాక. పూసే ముందర పాత పూత గోకినావా?"

ఎల్లప్ప కొలను పక్కనే ఉన్నాడు గనక నీళ్ళు నమలడానికి కొదవలేదు. కాసేపు నమిలి, "గోకినా" అన్నాడు.

"యాడ?"

"ఆ మూల."

నలుగురి చూపూ ఆ మూలకు పోయింది. అక్కడ జానా బెత్తెడు మేర పూత రాయిలాగా నిలిచి, పెళ్ళికూతురిలాగా మెరుస్తోంది.

"ఆ మూలొక్కటే నిలిచి ఉండాది సూడు!" అంది చంద్రకాంతమ్మ. "ఆ నీలిమందు ఎందుకు కలిపినావు?"

"కృష్ణుని రంగు రావల్ల అంటిరి గదమ్మా. డబ్బాలో నీలం సాల్లేదు. బట్టలకేసే నీలిమందు అంగట్లో తెచ్చి..."

"కృష్ణుని రంగు గోడకు రమ్మంటే గుండ్లకు వచ్చె!"

పంకజాక్షి కొంగు నోట్లో కుక్కుకుంది. చంద్రకాంతమ్మకూ నవ్వు వచ్చింది గానీ తాళాలగుత్తి గట్టిగా ఊపి ఆపుకుంది. తీర్పు తేలింది. నీళ్ళు ఇప్పుడే తోటకు పారించాలి. రేపు పొద్దున ఎల్లప్ప మనుషులను తెచ్చి, నాలుగు మూలలా గోకి, మళ్ళీ పూయాలి, ఈసారి వారం ఆరబెట్టాలి.

"మూఢంలోనా అమ్మా?" అన్నాడు ఎల్లప్ప.

"రిపేరుకు మూఢం లేదంట. అడిగినా."

"అమ్మా, నేనొక మాట..." అన్నాడు రాజారత్నం.

"మోటారు ఎయ్యి రాజారత్నం, మాటలు తరవాత" అంటూ ఆమె తోటవైపు తిరిగింది.

రాజారత్నం మోటారు గదిలోకి వెళ్ళాడు. మీటమీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆగాడు. తన చేత్తోనే తన మునకను తోటకు పారించడం. మీట నొక్కాడు. అలవాటైన చెయ్యి, చెప్పిన మాట వింటుంది.

తోటలో కాలవ గలగలలాడింది. కొలనులో నీళ్ళ అంచు మొదటి మెట్టును వదిలింది. రాజారత్నం కుర్చీలో కూర్చుని ఆ అంచునే చూస్తున్నాడు. వెల్ల వేసిన గోడ తడి ఆరినట్టు గీత గీతగా దిగుతోంది. చెయ్యి వెడల్పు. ఇంకో చెయ్యి వెడల్పు. సాయంత్రానికి అడుగు కనిపిస్తుంది. రేపు గోకుడు, తరవాత పూత, తరవాత ఎండ. అప్పటికి తను చిత్తూరులో చట్నీ ఇంచార్జి.

పంకజాక్షి టీ తెచ్చి ఇచ్చింది. "అడిగినావా అన్నా?" ఆమెకు ఒక్కదానికే ఆ సంగతి తెలుసు.

"నోరు తెరస్తే ఎవురో ఒకరు అడ్డం పడతా ఉండారమ్మే."

"నీళ్ళు అయిపోయినాక అడుగుతావా? అప్పుడు మునగనక్కర్లేదు, పొర్లచ్చు."

టీ గ్లాసు ఇంకా సగం కాకుండానే మోటారు గదిలోంచి ఏనుగు మూలిగినట్టు చప్పుడు వచ్చింది. కాలవ గలగల ఆగింది. రాజారత్నం పరుగున వెళ్ళి మోటారు కట్టేశాడు. కొలను అడుగున, లోతువైపు, నీళ్ళు లాగే ఇనపజాలీకి నీలం పెచ్చులు కప్పుకుని కూర్చున్నాయి. గోడకు అంటుకోవలసిన పూత జాలీకి అంటుకుంది.

ఎల్లప్ప గెడ తీసుకుని గట్టుమీద బోర్లాపడుకుని పొడిచాడు. గెడ అందలేదు. ఇంకాస్త వంగాడు. తువ్వాలు నీళ్ళలో పడింది. వల వేసి తీస్తే తువ్వాలు నీలం.

చంద్రకాంతమ్మ తిరిగి వచ్చింది. "దిగు ఎల్లప్పా. నువ్వు చేసిన పనే గదా."

"అయ్యో, నాకు ఈత రాదమ్మా. నాకు పూత ఒక్కటే వచ్చు."

"అది గూడా రాదు!"

ఈసారి నవ్వు ఎవరికీ ఆగలేదు. ఎల్లప్పకు కూడా. ఆ నవ్వు తగ్గుముఖం పడుతున్నప్పుడు రాజారత్నం కుర్చీలోంచి లేచాడు.

"నేను దిగతానమ్మా."

ఆమె అలవాటుగా బోర్డువైపు చూసింది. తరవాత అతనివైపు. "నీకు ఈతొచ్చునా?" అంది. ఇన్నేళ్ళ కాపలాదారును ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారని ఆమెకూ అప్పుడే తోచినట్టుంది, గొడుగు కాస్త కిందికి దించింది.

"బావులు తవ్వినోని కొడుకునమ్మా. జాలీ తీస్తాను. కానీ తీసినెంటనే ఎక్కి రాను. జాలీ కోసరం దిగేది వేరే, నా కోసరం దిగేది వేరే. నీళ్ళు పడిన నాడు తవ్వినోనికి ఒక మునక ఇడిసేది మా పక్క. ఈ కొలనుకు నీళ్ళు పెట్టిన నాడు అయ్యను అడిగితే, వద్దన్నాడు. నాకు ఆ మునక కావల్లమ్మా. ఈ పొద్దు ఎళ్ళిపోతా ఉండాను."

అంత పొడుగు మాట రాజారత్నం ఆ గట్టుమీద ఎప్పుడూ మాట్లాడలేదు. మాట అయిపోయాక తనకే ఆయాసం వచ్చింది. చంద్రకాంతమ్మ నీళ్ళవైపు చూసింది. పూత పోయిన గోడలు, మధ్యమధ్య నీలం మచ్చలు, కృష్ణుడికి ఆటలమ్మ పోసినట్టుంది.

"ఎంతసేపు ఉంటావు?"

"నాకు సాలయ్యేదాకా."

ఆమె గొడుగు మూసింది. "మోటారు జోలికి ఎవురూ పోబాకండి. నీళ్ళు రేపు పోతాయి. యాడికి పోతాయి, మన తోటకే గదా." తరవాత ఎల్లప్పకేసి తిరిగి, "గెస్టులు దిగని నీళ్ళు చేసిపెట్టినావు గదా, ఇంగ బోర్డు ఎవురికోసరం? దాన్ని కూడా తీసి గోకు" అంది.

రాజారత్నం చొక్కా విప్పి కుర్చీమీద వేశాడు. ఈల మెడలోంచి తీసి పంకజాక్షి చేతిలో పెట్టాడు. లోతువైపు గట్టు చివరకు నడిచి, వేళ్ళను అంచుకు కొక్కాల్లా పట్టించి నిలబడ్డాడు. ఊపిరి పీల్చాడు. గెడ వంగింది, గెడ ఎగిరింది, గెడ మాయమైంది.

నీళ్ళు చల్లగా వచ్చి మోకాళ్ళ దగ్గరి గీతను తుడిచేశాయి. చెవులు మూసుకున్నాయి. అడుగున వెలుగు వలలా కదులుతోంది. ఇన్నేళ్ళూ పైనుంచి చూసిన వల. జాలీమీది పెచ్చులను రెండు చేతులా దోసిళ్ళతో ఎత్తాడు. మెత్తగా నలిగి, నీలం పొగై లేచి, మొహమంతా కమ్మింది. ఒకసారి పైకి వచ్చి ఊపిరి పీల్చుకుని మళ్ళీ దిగాడు. జాలీ శుభ్రమైంది. కాలు నేలకు తన్ని పైకి లేచాడు. తల బయటికి రాగానే బావుల్లో దూకిన పిల్లలు పెట్టే కేక ఒకటి, యాభై ఏళ్ళుగా లోపలే నానుతున్నది, తనంతట తనే బయటికి వచ్చింది. బావి అయితే గోడలు బదులిచ్చేవి. ఇక్కడ తోటలోని రామచిలకలు బదులిచ్చి ఎగిరిపోయాయి.

మొహం నీలం, మీసం నీలం, చెవులు నీలం. పళ్ళు మాత్రం తెల్లగా.

"కృష్ణుని రంగు వచ్చినాదమ్మా!" అని అరిచాడు ఎల్లప్ప, తన పని ఎక్కడో ఒకచోట కుదిరినందుకు గర్వంగా.

పంకజాక్షి ఈల వేసింది. "రాజారత్నమన్నా, లోతుకు పోబాక! సెప్తే ఇనవా? గట్టుమీద పరిగెత్తబాకండి! టోపీ పెట్టుకోండి!" రోజూ అతను గెస్టులకు చెప్పే మాటలన్నీ వరసగా అప్పజెప్పింది. రాజారత్నం వెల్లకిలా తేలుతూ, ఇన్నేళ్ళు గెస్టులు తనను చూసినట్టే, ఆమెను చూసీ చూడనట్టు చూశాడు.

కాసేపటికి పంకజాక్షి చీర బిగించి లోతులేని వైపు దిగింది. ఎల్లప్ప మెట్లు పట్టుకుని నడుందాకా దిగి, తన పూతను తనే అరచేత్తో గోకడం మొదలుపెట్టాడు. చంద్రకాంతమ్మ అటూ ఇటూ చూసి, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని, మెట్టుమీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టింది.

"వర్జ్యం సూసినారా అమ్మా?" అన్నాడు ఎల్లప్ప.

"మునకకు మూఢం లేదులేప్పా." ఆమె కాళ్ళు ఊపింది. మడమలదాకా నీలం ఎక్కింది. "మా పుట్టింట్లో ఇంతింత బావి. మా నాయన తొంగి కూడా సూడనిచ్చేవాడు కాదు. ఆడపిల్లవి, పడతావని. నేను ఎప్పుడెప్పుడు పడదామా అని ఉండేదాన్ని."

రాజారత్నం ఈదుకుంటూ వచ్చి మెట్టు దగ్గర ఆగాడు. "పడండమ్మా. ట్యూబు ఇసరతా, ఈల ఏస్తా. అంతకు మించి చేసేది రూలు కాదు."

చంద్రకాంతమ్మ గొంతు సంగతి తెలిసిందే. నవ్వు కూడా ఆ గొంతుతోనే వచ్చింది. రోడ్డుమీద పోతున్న ఆటో ఒకటి వేగం తగ్గించింది.

పొద్దు వాలుతుండగా రాజారత్నం మెట్లెక్కి వచ్చాడు. చాలయింది. ఒళ్ళంతా కారుతూ తన కుర్చీలో కూర్చుని, పంకజాక్షి తెచ్చిన చిత్రాన్నం ఆకులో తిన్నాడు. వేళ్ళ మధ్య చర్మం ముడతలు పడింది. ఆ ముడతలను ఇటు తిప్పి అటు తిప్పి చూసుకుని నవ్వుకున్నాడు. తరవాత లేచి, పొడి చొక్కా వేసుకుని, సంచీ భుజాన తగిలించుకున్నాడు. ఈల తిరిగి ఇవ్వబోయింది పంకజాక్షి. "నీకే పెట్టుకో. నాకన్నా నువ్వే బాగా ఊదినావు" అన్నాడు.

చంద్రకాంతమ్మ గేటుదాకా వచ్చింది, తడి కాళ్ళతో నీలం అడుగులు వేసుకుంటూ. "చిత్తూరు పక్క వస్తే టిఫిన్‌కు వస్తా. చట్నీ పూత మాదిరి ఉండకూడదు సూడు."

"రాలదమ్మా. ఆకుకు అంటుకుంటాది."

బస్సు వచ్చింది. కండక్టరు అతని చెవులవైపు చూసి, "ఏమన్నా, పెయింటింగ్ పనా?" అన్నాడు. "కాదప్పా, మునక" అని రాజారత్నం కిటికీ పక్కన కూర్చున్నాడు. మలుపు తిరిగేదాకా గేటు కనిపించింది. తరవాత మామిడిచెట్లు, తరవాత రోడ్డు.

మర్నాడు ఎల్లప్ప మనుషులు వచ్చి నాలుగు మూలలా గోకారు. మళ్ళీ పూత పడింది. ఈసారి వారం ఆరబెట్టారు. ఆ వారమంతా గట్టుమీది కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు, పని ఉన్నా లేకపోయినా అందరూ దాని పక్కగానే తిరిగారు. నీడ తప్పుకున్నప్పుడల్లా ఎండ వచ్చి దానిమీద కూర్చుంది.

వారం తరవాత పంకజాక్షి సబ్బూ కొబ్బరిపీచూ తెచ్చి దాన్ని కడగబోయింది. తెల్లటి గరుకు ప్లాస్టిక్ మీద, రాజారత్నం తడి ఒంటితో కూర్చున్న చోట, రెండు అరచందమామల్లా నీలం అచ్చు. తీరిగ్గా ఎండకు ఆరింది. ఎంత రుద్దినా రాలలేదు.